మూలల్లో నిలబడ్డ నలుగురు

మా ఊరి బడి గోడ మీద ఒక వృత్తం ఉంది. మొన్న పంచాయతీ ఎన్నికలకు ఊరికి పోయినప్పుడు చూస్తే, దాని నడుమ పోలింగ్ బూత్ నంబరు రాసి ఉంది. పక్కనున్న త్రిభుజానికి ఒక తోక తగిలించి బాణం గుర్తు చేసి, కింద ‘స్త్రీలు’ అని రాశారు. దీర్ఘచతురస్రం మీద అభ్యర్థుల గుర్తుల కాగితం అంటించారు. చతురస్రం ఒక్కటే ఖాళీగా ఉంది. దానికి ఏ పనీ దొరకలేదు, మా ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లగాళ్ల లాగే.

బడిలో పిల్లలు లేక చాలా ఏండ్లయింది. ఎన్నికలకూ, కంటి పరీక్షలకూ తప్ప దాని తలుపు తెరుచుకోదు. వాన పడితే మేకలు అరుగు మీదికి ఎక్కుతాయి, వాటికి తలుపుతో పని లేదు. ఓటు వరుసలో నా ముందున్న ఆయన ఆ చతురస్రానికి వీపు ఆనించి నిలబడితే, రంగంతా పొడిపొడిగా ఆయన అంగీకి అంటుకుంది. వరుస కదలడం లేదు. లోపల ఎవరో ముసలమ్మ తన ఓటు కూడా కొడుకే వేయాలని పట్టుబట్టిందట. పనిలేక గోడను చూస్తూ నిలబడ్డాను. చూస్తుంటే సాంబారు వాసన వచ్చింది. అక్కడ పొయ్యి లేదు, వండే మనిషీ లేదు. అయినా వచ్చింది.

నా వయసు చెబితే, ఇది జ్ఞాపకాలు రాసుకునే వయసా అని నవ్వుతారు. నవ్వండి. కొన్ని లోకాలు మనకంటే ముందే ముసలివైపోతాయి. నా తలలో ఒక్క వెంట్రుక నెరవలేదు, నేను చదివిన బడికి మాత్రం అప్పుడే పండ్లూడిపోయాయి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. ఇంట్లో నేను, మా అవ్వ. బాపు, అమ్మ బొంబాయిలో బిల్డింగుల పనికి పోయేవారు. పాలమూరు దిక్కు అది వింత కాదు. తల్లిదండ్రులు ఇంటి దగ్గరే ఉన్న పిల్లవాణ్ణి చూస్తే మేమే జాలిపడేవాళ్లం, పాపం వాడికి బొంబాయి బిస్కెట్లు రావు కదా అని. అవ్వ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. ఆ పని మీదే మా ఇద్దరి బతుకూ నడిచేది. మధ్యాహ్నం అన్నం ఎట్లాగూ అక్కడే. అడుగున మిగిలిన సాంబారు రాత్రికి మా ఇంటికి నడిచొచ్చేది.

మా వాడ ఊరికి తూర్పున, తూము అవతల ఉండేది. చర్చి ఉన్నది మా వైపే. ఆదివారం పాటలు, మిగతా రోజులు కూలి. ఊళ్లో పెళ్లయినా, చావైనా, పండగైనా డప్పు కొట్టడానికి మా చిన్నాయినా ఆయన దోస్తులూ పోవాలి. బడి ఊరికీ మా వాడకూ నడుమ ఉండేది. బడి ఎవరిదంటే ఊరివాళ్లు మీదే అనేవారు, మా వాళ్లు ఊరిదే అనేవారు. గోడలకు సున్నం వేయాల్సిన ఏడాది ఈ మర్యాద మరీ ఎక్కువయ్యేది.

అయిదు తరగతులకూ కలిపి ఒక్కడే సార్. ఆత్మకూరు నుంచి బండి మీద వచ్చేవాడు. ఆ బండి ఒక్కసారి కిక్కు కొడితే అందుకున్న పాపాన పోలేదు. సార్‌కు ఆకారాల పిచ్చి. పంచాయతీ వాళ్లు నీళ్ల ట్యాంకుకు వేయగా మిగిలిన నీలం రంగు అడుక్కొచ్చి, గోడ మీద ఆ నాలుగు బొమ్మలూ తానే వేశాడు. నేల మీద మేకు కొట్టి, మేకుకు దారం కట్టి, దారం కొనకు సుద్దముక్క కట్టి గుండ్రంగా తిప్పేవాడు. నడుమ నుంచి ఎటు కొలిచినా ఒకటే దూరం రావాలి, అప్పుడే అది వృత్తం, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా ఉండదు అని చెప్పేవాడు. అట్లయితే మా అవ్వ గుడ్లు పంచేది వృత్తం కాదు సార్, పెద్ద గుడ్డు ఎప్పుడూ నాకే వస్తుంది అన్నాను. సార్ నవ్వాడు. ఆ సాయంత్రం దారి కాచి నన్ను పట్టుకున్న మిగతా పిల్లలు నవ్వలేదు.

అవ్వ తాలింపు వేస్తే ఆవాల చిటపట తరగతి దాకా వినబడేది. ఆ చప్పుడు తర్వాత సార్ ఏ ఆకారం గురించి చెప్పినా అది మా కడుపు ఆకారంలోనే కనబడేది.

ఒకరోజు, ఇంటి నుంచి తలా ఒక వస్తువు తేవాలి, దాని ఆకారం పేరు చెప్పాలి అన్నాడు. మరుసటి రోజు బడి సంతలా తయారైంది. ఒకడు వాళ్ల తాత కళ్లజోడు తెచ్చాడు. తాత వెనకే తడుముకుంటూ వచ్చాడు. ఒకమ్మాయి టీవీ రిమోట్ తెచ్చింది. ఆ ఇంట్లో పొద్దున సీరియల్ పోయిందని వాళ్లమ్మ బడికొచ్చి సార్‌తో పోట్లాడింది. ఒకడు త్రిభుజం కోసం హోటల్ నుంచి సమోసా తెచ్చాడు గానీ పేరు పిలిచేలోపు అది లేదు. వాడి మూతికి అంటిన నూనెను చూసి సార్ వాడికి మార్కు వేశాడు. నేను అవ్వ చేసిన జొన్నరొట్టె పట్టుకుపోయాను. మా అవ్వ రొట్టె ఒక్క రోజూ గుండ్రంగా వచ్చింది లేదు. అందరి అవ్వలూ చందమామల్లా చేస్తే మా అవ్వది ఎప్పుడూ ఏదో ఒక దేశం పటంలా వచ్చేది. ఇది ఏ ఆకారమని సార్ అడిగాడు.

“గుండ్రం గావాల్ననే బయలెల్లింది సార్, నడుమ మనసు మార్సుకున్నది” అన్నాను.

ఆ మాట అవ్వ చెవిన పడింది. మూడు రోజుల పాటు నాకు చిన్న గుడ్డు వచ్చింది.

మా తరగతిలో దర్జీ వాళ్ల పిల్ల ఒకతె ఉండేది. సాయిబుల పిల్ల, ఊళ్లో ఉండేది. వాళ్ల అబ్బా జాకెట్లు కుట్టేవాడు. కొలత వేలెడు తప్పితే తొడుక్కోవాల్సిన మనిషి వచ్చి గడపలో కూర్చుంటుంది కాబట్టి, ఆ ఇంట్లో తప్పును తప్పు అని అప్పటికప్పుడే చెప్పుకోవడం అలవాటు. ఆ అలవాటు ఆమె బడికి కూడా తెచ్చుకునేది. సార్ బోర్డు మీద గీసిన చతురస్రం ఒకవైపు సాగిందని లేచి చెప్పగలిగింది ఆమె ఒక్కతే. సార్ బోర్డు తుడిచి మళ్లీ గీసేవాడు.

వృత్తం పాఠం విన్నాక ఆమెకే ఒక అనుమానం వచ్చింది. మా ఊరి నడిబజారులో బొడ్రాయి ఉంది. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు, ఊరు కట్టిన నాడు పాతిన రాయి. దాని చుట్టూ ఊరికి ఒక గీత ఉందనీ, అది గుండ్రంగా ఉంటుందనీ పెద్దవాళ్లు చెప్పేవారు. గీత కంటికి కనబడదు, గుర్తులుంటాయి. పడమర దిగుడుబావి, తూర్పున తూము, అట్లా. మరి నడుమ నుంచి దూరం ఒకటేనా అని ఆమె అడిగింది. సార్ కొలిచి చూడమన్నాడు. సరదాకు అన్నాడు. మేం సరదాకు వినలేదు.

బోరు తాళ్లు, బర్రెల పలుపులు, ఎవరింటి దండెం తాడో, దొరికినవన్నీ ముడేశాం. ఒక కొన బొడ్రాయికి కట్టాం. పడమటి బజారెంట గుంజితే దిగుడుబావి దాకా వచ్చింది. అక్కడ తాడుకు గుర్తుగా ఒక గుడ్డపేలిక కట్టి, తూర్పు బజారుకు తిప్పుతుండగా పెద్ద పటేలు చూశాడు. ఊళ్లో పెద్దరికమంతా ఆయనదే.

“బొడ్రాయికి పలుపు కట్టిన్రా, అదేమన్న బర్రెనా?” అని చేతికర్ర లేపాడు.

ఆయన మోకాళ్లు కదిలేలోపు మేం తాడు పట్టుకుని తూర్పుకు ఉరికాం. తాడు తూము దాటింది, బడి దాటింది, మా వాడ మొదట్లో మా ఇంటి గడప ముందు పేలిక ఆగింది. దర్జీ పిల్ల గడప వైపు చూసింది, వెనక తూము వైపు చూసింది.

ఆ వారంలోనే రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి, బొడ్రాయి ఒరిగింది కాబట్టి తీసి కొత్తగా నిలబెట్టాలని పెద్దలు ముహూర్తం పెట్టించారు. ఇది తరానికొకసారి జరిగే పండుగ. ఆరోజు పొద్దున్నే ఊరి చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లి, ముగ్గుతో గీత గీస్తారు. గీత మూసుకున్నాక లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, పొద్దుగూకేదాకా. పెళ్లయిపోయిన ఆడబిడ్డలూ, బొంబాయికి పోయిన కూలీలూ అందరూ ముందురోజే వచ్చి గీత లోపల ఉండాలి.

రెండో కబురు మండలం నుంచి. బడిలో పిల్లల తలకాయలు లెక్కపెట్టడానికి పెద్ద సారు వస్తున్నాడు. ఉండాల్సినంత మంది లేకపోతే బడి మూసేసి, పెద్ద రోడ్డు అవతలి పక్క ఊరి బడిలో కలిపేస్తారు. ఆయన వచ్చేది కూడా బొడ్రాయి నాడే. మా బడి గీతకు బయట ఉంది. పిల్లల్లో ఎక్కువమంది గీతకు లోపల ఉంటారు. సార్ ఫోన్ చేసి తేదీ మార్చమని బతిమాలితే, మీ ఊరి రాయి కోసం మండలం ఆగదని చెప్పారట.

ఆ సాయంత్రం అవ్వ చాటలో బియ్యం ఏరుతూ, చాటతోనే చెప్పుకుంటున్నట్టు అన్నది.

“బడి వోతే నా పొయ్యి వోతది. నువ్వు పక్కూరి దాక నడుస్తవా? నడువవు. మేకల ఎంబడి వోతవు.”

మేకలకు మాత్రం లెక్కలు ఎవరు చెప్పాలి అన్నాను. చాటలోంచి ఒక రాయి వచ్చి నా నెత్తికి తగిలింది. అవ్వ గురి రొట్టెలా కాదు, బాగుండేది. కానీ ఆ రాత్రి ఆమె ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

మరుసటి రోజు సార్ పంచాయతీ ఆఫీసుకు పోయి పెద్దలతో మాట్లాడాడు. మేమూ వెంట పోయాం, ఎవరూ పిలవకపోయినా. పెద్ద పటేలు కుర్చీలో ఉన్నాడు. తోరణాలకు బట్ట కొలుస్తూ దర్జీ ఒక పక్కన ఉన్నాడు, ఆయన కూతురు కొలత టేపు కొన పట్టుకుని నిలబడింది. మా చిన్నాయిన డప్పు మాట మాట్లాడుకోవడానికి వచ్చి గడప దగ్గర ఉన్నాడు. ముహూర్తం మారదన్నారు. అయితే ఈ ఒక్కసారికి గీతను బడి అవతల నుంచి తీసుకుపోవచ్చు కదా అని సార్ అడిగాడు.

పెద్ద పటేలు తల అడ్డంగా ఊపాడు. “గీత తాతల కాలం నుంచి గుండ్రంగ ఉన్నది సారూ. నడుమ బొడ్రాయి, సుట్టూత గీత. గుండ్రాన్ని పలగ్గొడితే ఊరికి మంచిది గాదు.”

“గుండ్రం లేదు తాతా” అన్నది దర్జీ పిల్ల.

వాళ్ల అబ్బా చుప్ అన్నాడు. ఆమె టేపు వదలలేదు, మాటా వదలలేదు.

“తాడు వెట్టి సూసినం. దిగుడుబాయి కాడికి సరిపోయిన తాడే, ఇటు గుంజితే వీళ్ల అవ్వ గడప కాడికొచ్చింది. గీత తూము కాన్నే ఆగుతది. ఇటు దిక్కు సొట్ట వడ్డది.”

ఎవరో దగ్గారు. ఆ సొట్ట ఎందుకు పడిందో అక్కడున్న పెద్దవాళ్లందరికీ తెలుసు. తాతల కాలంలో గీత గీసినవాళ్లు తాడు పట్టుకుని గీయలేదు. ఎవరు లోపలుండాలో, ఎవరు బయటుండాలో చూసుకుని గీశారు. సొట్టకు అవతల ఉన్నది మా వాడ. ఆ సంగతిని అందరూ తెలుసుకునే ఉన్నారు గానీ, తాడుతో కొలిచి పంచాయతీ ఆఫీసులో చెప్పినవాళ్లు మాత్రం అంతవరకూ లేరు.

దీనికి ఇవన్నీ ఎవరు నేర్పారని పటేలు అడిగాడు. నేనే అన్నాడు సార్. పటేలు చేతికర్ర కొనతో నేల మీద ఒక గుండ్రం గీసి చూశాడు. ఆయన మొండివాడే గానీ లెక్క అర్థం కానివాడు కాదు.

“సరే. గుండ్రం లేనే లేదంటున్నవు గద. లేనిదాన్ని పలగ్గొట్టేదేమున్నది? బడి దాక జరుపుండ్రి. మన పిల్లలు పక్కూరి బడిల కూసుంటే మనకే ఇజ్జత్ తక్కువ.”

గడప దగ్గరి నుంచి మా చిన్నాయిన మెల్లగా అడిగాడు. “మరి మా ఇండ్లు, పటేలా?”

“బడి దాక అన్న. ఇండ్ల సంగతి వచ్చేసారి సూద్దం.”

వచ్చేసారి అంటే ఇంకో తరానికి. అప్పటికి మా చిన్నాయిన మనవళ్లు డప్పు కొడుతుంటారు. చిన్నాయిన డప్పుకు కొత్త తోలు కావాలని మాత్రం అన్నాడు.

ఈ సంగతి చెబితే అవ్వ చాట దులుపుతూ విన్నది. “అంటే పొయ్యి లోపట, పొయ్యి కాడ కూసునేది బయట. మంచిగనే ఉన్నది” అన్నది. తర్వాత, గీత గీయకముందే పోయి పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవరు లేపుతారో చూస్తానన్నది.

బొడ్రాయి నాడు తెల్లవారుతుండగానే అవ్వ, నేను, మా వాడ పిల్లలు కొందరం బడికి పోయి కూర్చున్నాం. సార్ ముందు రోజు సాయంత్రమే వచ్చి బల్ల మీద పడుకున్నాడు. అంగీకి బల్ల చెక్కల గీతలు పడి ఉన్నాయి. చిన్నాయినా వాళ్లూ డప్పులు మంటకు కాచుకుని ముందు నడుస్తుంటే, వెనక ఒకాయన పొలి చల్లుతూ, ఇంకొకాయన ముగ్గు పోస్తూ వచ్చారు. గీత తూము దాకా పాత దారినే వచ్చింది. అక్కడ ఆగి, కొంచెం సందేహించి, మా దిక్కు పొట్టలా ముందుకు పొంగి, బడినీ వంటపాకనూ చుట్టి, సరిగ్గా మా ఇండ్ల ముందు నుంచి వెనక్కి తిరిగింది.

అవ్వ వంటపాక గుమ్మంలో నిలబడి చూసింది. “ఊరికి నెలలు నిండినట్టున్నయి” అన్నది. ముగ్గు పోసే ఆయనకు నవ్వొచ్చి, అక్కడ గీత కొంచెం వంకర పోయింది. ఇప్పుడు దీన్ని ఏ ఆకారమంటారని సార్‌ను అడిగాను. అన్ని ఆకారాలకూ పేర్లుండవురా అన్నాడు.

గీత మూసుకునే చోట చిన్నాయినా వాళ్లూ అవతలికి అడుగేసి మా ఇండ్ల దిక్కు నిలబడ్డారు. ఊరి చుట్టూ తిరిగి ఊరిని కట్టినవాళ్లు కట్టుకు బయట ఉండిపోయారు. వాళ్లకు ఇది కొత్త కాదు. డప్పులు పక్కన పెట్టి బీడీలు వెలిగించారు.

పొద్దెక్కేసరికి ఊళ్లోంచి పిల్లలు వచ్చారు. నూనె రాసిన తలలు, కొత్త బట్టలు. బొంబాయి నుంచి వచ్చినవాళ్లు తెలుగులో హిందీ కలిపి మాట్లాడుతున్నారు. హాజరు పట్టీలో ఉన్న పేర్లన్నిటికీ ఆ ఒక్కరోజు ముఖాలు దొరికాయి. సార్ రెండు మూడు సార్లు లెక్కపెట్టి, వంటపాక దగ్గరికొచ్చి, అయినా నలుగురు తక్కువైతున్నారని అవ్వకు చెప్పాడు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల పిల్లలు ఊరినిండా ఉన్నారు కదా, నలుగుర్ని పిలిచి కూర్చోబెడితే ఎవరికి తెలుస్తుందని అవ్వ అడిగింది. మన బడిలో చదవని పిల్లల్ని మన పిల్లలని చెప్పలేనన్నాడు సార్. అవ్వ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. తోయాల్సినదానికంటే గట్టిగా తోసింది.

మండలం సారు స్కూటీ మీద వచ్చాడు. గీత దగ్గర కాపలా ఉన్న పిల్లగాళ్లు కట్టెలు అడ్డం పెట్టారు. మీరు ఆఫీసరు కాబట్టి లోపలికి రానిస్తాం సార్, కానీ పొద్దుగూకేదాకా పోవడానికుండదు అని మర్యాదగానే చెప్పారు. ఆయనకు ఇంకా రెండు బళ్లు చూడాల్సి ఉంది. పిల్లల్నే బయటికి పంపమన్నాడు. అదీ కుదరదన్నారు. ఆయన హెల్మెట్ తీసి, గీతకు అవతల నిలబడి, ఇక్కణ్ణుంచే లెక్కపెడతాను, వరసగా నిలబెట్టండి అన్నాడు.

మా సార్‌కు వరస అంటే ఆకారమే. మండలం సారు కోసం వారం రోజులుగా మమ్మల్ని తయారు చేసి ఉంచాడు. ముందు వృత్తంలో నిలబెట్టాడు. ఆయన లెక్కపెడుతూ ఒక చుట్టు వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాడో మర్చిపోయాడు, ఎందుకంటే బతుకమ్మ అలవాటు కొద్దీ ఆడపిల్లలు తిరగడం మొదలుపెట్టారు. కదలనిది ఏదైనా పెట్టండి అన్నాడు. సార్ చతురస్రం అన్నాడు. నాలుగు వైపులా సమానంగా, చేతికి చెయ్యి తగిలేట్టు నిలబడ్డాం. మండలం సారుకు ఈసారి ముచ్చటేసింది. ఒక వైపు వేలితో లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో గుణించి, సరిపోయారని పెన్ను తీశాడు.

దర్జీ పిల్ల ఒక మూలన నిలబడి ఉంది. చెయ్యెత్తింది.

“సార్, నన్ను రెండుసార్లు లెక్కవెట్టిన్రు.”

పెన్ను ఆగింది. గుమ్మంలో అవ్వ గరిటె పట్టుకుని ఉంది, గరిటెలోంచి సాంబారు నేల మీద కారుతోంది. మా సార్ ఎవరినీ చూడకుండా నిలబడ్డాడు. నేను చతురస్రంలో ఒక వైపు సరిగ్గా నడుమన ఉన్నాను. ఏదైనా ఒక మాట అని అందరినీ నవ్విద్దామని వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

మండలం సారు నాలుగు మూలలూ మార్చి మార్చి చూశాడు. పెదాలు కదిలాయి. లెక్క ఆయనకూ వచ్చింది. నలుగురు తక్కువ. ఆయన కోప్పడలేదు. గీత దగ్గరికి ఇంకొక అడుగు వచ్చి ఆ పిల్లను అడిగాడు.

“నువ్వు ఏ వైపు దానివమ్మా? ఇటా, అటా?”

ఆమె కుడి చేతి వైపు చూసింది. ఎడమ చేతి వైపు చూసింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

“రెండు దిక్కుల దాన్నే సార్.”

ఆయన మా సార్ వైపు తిరిగాడు. “నిజమేనా మాస్టారూ?”

“నిజమే సార్. మూలన ఉన్నది రెండు భుజాలకూ చెందుతుంది. ఒకదానిదే అంటే ఆకారం నిలవదు” అన్నాడు సార్. గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్పేటప్పుడు ఉన్నట్టే.

మండలం సారు కాగితం మీద ఏదో రాశాడు. ఏం రాశాడో గీతకు ఇవతలి వాళ్లం ఎవరం చూడలేదు. పెన్ను జేబుకు తగిలించుకుని, సాంబారు వాసన బాగుందని అవ్వతో అన్నాడు. గిన్నె గీత దాటకూడదు సారూ, లేకుంటే పెడుదును అన్నది అవ్వ. వాసనకైతే అడ్డం లేదు కదా అని స్కూటీ ఎక్కాడు.

ఆయన పోయాక కూడా దర్జీ పిల్ల ఊరుకోలేదు. అన్నం దగ్గర కూర్చుని వాదించింది. ఎన్ని భుజాలకు చెందితే ఏంటి, మనిషి ఒక్కరే కదా, అన్నం ఒక్క పళ్లెంలోనే కదా పెట్టేది అని. అంతసేపూ లోలోపల ఉడుకుతున్న అవ్వ ఆమె ముందుకొచ్చి నిలబడింది. తిడుతుందేమో అనుకున్నాం. ఆమె పళ్లెంలో రెండు గుడ్లు వేసింది.

“తిను. ఒకటి ఈ దిక్కుకు, ఒకటి ఆ దిక్కుకు.”

ఆరోజు నాకు సగం గుడ్డు వచ్చింది.

పొద్దుగూకాక గీత తెరిచారు. బొడ్రాయి దగ్గర కొబ్బరికాయల నీళ్లు, సాంబ్రాణి పొగ. మేకలు ఇంటికి పోతూ ముగ్గును తొక్కుకుంటూ పోయాయి, లోపలివి, బయటివి, అన్నీ కలిసి. అవ్వా నేనూ ఇంటికి పోయాం.

బడి ఆ ఏడాది మూతపడలేదు. ఒక్క ఏడాది నిలిచింది. పెద్ద గొప్పేం కాదు, కానీ నాకు చదవడం కుదిరింది ఆ ఏడాదే. అంతకుముందు అక్షరాలు తెలుసు గానీ అవి ఒకదానికొకటి చుట్టాలని తెలియదు. పక్క ఊరి బడికి నేను ఎక్కువ రోజులు నడవలేదు, అవ్వ చెప్పింది చెప్పినట్టే అయింది. మేకలు, తర్వాత టైల్స్ పని. కాబట్టి ఇప్పుడు నేను రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ ఆ ఏడాదివే. దర్జీ వాళ్లు ఆత్మకూరుకు మారిపోయారు. ఆ పిల్ల అక్కడ ఒక దవాఖానలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటుందట. చీటీలో తప్పుంటే డాక్టర్‌నైనా పిలుస్తుందని విన్నాను. అవ్వ పోయింది. కొత్త గీత ఇంకా గీయలేదు.

మరుసటి ఏడాది బడి మూసేటప్పుడు ఎవరూ లెక్కపెట్టడానికి రాలేదు. కొందరు తల్లిదండ్రుల వెంట బొంబాయికి పోయారు, కొందరు పసుపుపచ్చ వ్యానెక్కి ప్రైవేటు బడికి పోయారు. మిగిలిన వాళ్లం ఏ ఆకారానికీ చాలం. ఆఖరి రోజు అవ్వ గుండిగలు తోమి ఎండకు బోర్లించింది. సార్ తలుపుకు తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, బండి దగ్గరికి వచ్చాడు. అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ, రోజూ సాయంత్రం అడిగే మాటే, నోటికి వచ్చినట్టు అడిగేసింది.

“రేపు ఎంతమందికి ఎసరు వెట్టాలె సారూ?”

సార్ బండి కిక్కు కొట్టాడు. అది అందుకోలేదు. ఆయన వంచిన తల ఎత్తకుండా కొడుతూనే ఉన్నాడు, అవ్వ జవాబు కోసం నిలబడే ఉంది.